వానలో కొండ నడకకూ వేటకూ ఎలాంటి ప్యాంటు? తరచుగా అడిగే ప్రశ్నలు

వానకోటు కొనడానికి పది రోజులు ఆలోచించేవాళ్ళు కూడా ప్యాంటు దగ్గరికి వచ్చేసరికి బీరువాలో ఉన్నదేదో తొడుక్కుని బయలుదేరతారు. అడవిలో మాత్రం ముందుగా తడిసేవి కాళ్ళే, చివరగా ఆరేవీ కాళ్ళే. కోటు పైనుంచి పడే నీటిని ఆపితే చాలు. ప్యాంటుకు అంత సుఖం లేదు. పైన వాన, పక్కన తడిగడ్డి, కింద బురద, లోపల చెమట. ఇన్ని వైపులా కాచుకోవాల్సిన బట్టను అంత తేలిగ్గా తీసుకోవడం ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

అసలు వానలో తడవని ప్యాంటు అంటూ ఉందా?

ఉంది. పడవల మీద చేపలు పట్టేవాళ్ళు వేసుకునే రబ్బరు ప్యాంటు, పీవీసీ పూత ఉన్న ప్యాంటు అలాంటివే. వాన చుక్క లోపలికి రాదు. కానీ దాన్ని వేసుకుని గంటసేపు కొండ ఎక్కండి. విప్పేసరికి లోపలి బట్టలు పిండితే నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళు వానవి కావు, మీ ఒంటివే.

అందుకే "అస్సలు తడవకూడదు" అనే షరతు వదిలేయమంటాను. తడిసినా చలి పట్టకూడదు, తడిసింది త్వరగా ఆరాలి. దీనికి ఒప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం తేలాలంటే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి: నేను ఎక్కువసేపు నడుస్తానా, కూర్చుంటానా? నడిచే మనిషిని చెమట తడుపుతుంది, కూర్చునే మనిషిని నేల తడుపుతుంది. వేటకు వెళ్ళేవాళ్ళ చిక్కు ఏమిటంటే, ఒకే ఉదయం రెండూ చేయాలి. గంటన్నర ఎక్కి, ఆ చెమటతోనే మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. కింద వచ్చే జవాబులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

జీన్స్ వేసుకుంటే ఏమవుతుంది?

ఎండలో ఏమీ కాదు. వానలో మాత్రం జీన్స్ వేసుకోవడమంటే తడి దుప్పటి కాళ్ళకు చుట్టుకోవడమే. నూలు పోగు నీటిని పీల్చి పట్టుకుంటుంది. పోగుల మధ్య ఉండాల్సిన గాలి పోయి ఆ చోటంతా నీళ్ళు నిండుతాయి. గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు 24 రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. ఇక ఆ నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడి కూడా మీ తొడలే ఇవ్వాలి. గడ్డకట్టేంత చలి ఉంటేనే ప్రమాదం అనుకోకండి. గాలి, వాన కలిస్తే పది డిగ్రీల దగ్గర కూడా ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడిపోగలదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు తేమలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. ఊలు మాత్రం 16 శాతం! మరి నూలు వద్దని ఊలు ఎందుకు మెచ్చుకుంటారు? ఊలు ఆ తేమను పోగు లోపల దాచుకుంటుంది, పైభాగం మాత్రం ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. పోగు మెలికలు తిరిగి ఉండటం వల్ల తడిసినా చదునుగా ఒంటికి అతుక్కోదు, మధ్యలో గాలి మిగులుతుంది. పైగా తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా వదులుతుంది. ఆరడానికి మాత్రం చాలాసేపు పడుతుంది, ఆ లోపం ఒప్పుకోవాల్సిందే.

చీటీ మీద 10,000 మి.మీ. అని ఉంటుంది. అది ఏమిటి?

నీటి స్తంభం ఎత్తు. బట్టను బిగించి ఒక వైపు నుంచి నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుతారు. రెండో వైపు మూడు చోట్ల నీటి చుక్క కనిపించేదాకా పెంచి, అక్కడ ఆపి కొలుస్తారు. అంతవరకు ఎంత ఎత్తున నీరు నిలబెట్టినంత ఒత్తిడి తట్టుకుందో అదే ఆ అంకె. 10,000 మిల్లీమీటర్లంటే పది మీటర్ల నీరు. వినడానికి చెరువు అడుగున కూడా పొడిగా ఉంటామేమో అనిపిస్తుంది.

మరి 10,000 ఉన్న ప్యాంటు కూడా మోకాలి దగ్గర తడిసింది. మోసమా?

నేనూ అలాగే అనుకున్నాను. కొత్త ప్యాంటు వేసుకుని, తడి నాచు మీద మోకరిల్లి స్టవ్ వెలిగించడానికి కాసేపు తంటాలు పడ్డాను. లేచి చూస్తే రెండు మోకాళ్ళ దగ్గర గుండ్రంగా తడి. ఇంటికి రాగానే కొన్నచోటికి ఘాటుగా ఉత్తరం రాశాను. తరువాత కాగితం మీద లెక్క వేసుకుంటే తప్పు ప్యాంటుది కాదని తేలింది.

లెక్క చిన్నదే. ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు పడితే అది సరిగ్గా పది మీటర్ల నీటి ఒత్తిడికి సమానం. 70 కిలోల మనిషి ఒక్క మోకాలి మీద బరువంతా మోపాడనుకోండి. నేలను తాకే భాగం 55 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.3 కిలోలు పడుతుంది. అంటే 13,000 మిల్లీమీటర్లు. పదివేల ప్యాంటు ఓడిపోతుంది. అదే మనిషి కూర్చుంటే బరువు పెద్ద విస్తీర్ణంలో పరుచుకుంటుంది కాబట్టి ఒత్తిడి అందులో చిన్న భాగమే. నిటారుగా నిలబడి వానలో తడిస్తే అంత కూడా ఉండదు. పైనుంచి పడే వానకు ఐదువేలు కూడా చాలావరకు సరిపోతుంది.

కాబట్టి నడకకు మాత్రమే అయితే పదివేల దగ్గర ఆగిపోండి. మాటు వేసి కూర్చోవడం, మోకరిల్లడం, పాకడం ఉంటే ఇరవైవేల దాకా వెళ్ళండి, లేదా మోకాలికీ పిరుదులకూ వేరే మందపాటి పొర వేసిన ప్యాంటు చూడండి. ఇంకా సులువైన దారి, బరువు లేని చిన్న ఫోమ్ ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని దాని మీద కూర్చోవడం. దీన్ని మించిన వాటర్‌ప్రూఫ్ ప్యాంటు నేను చూడలేదు.

గాలి ఆడుతుందని రాస్తారే, దాన్ని ఎలా పోల్చాలి?

గాలి ఆడటం అంటున్నాం గానీ వాటర్‌ప్రూఫ్ బట్టలో ఆడేది గాలి కాదు, చెమట ఆవిరి. దానికి రెండు రకాల కొలతలు కనిపిస్తాయి. ఒకటి, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెప్పేది. ఇది ఎక్కువ ఉంటే మంచిది. రెండోది ఆవిరికి ఎదురయ్యే అడ్డును కొలిచే ఆర్‌ఈటీ. ఇది తక్కువ ఉంటే మంచిది. ఆరు లోపు ఉంటే చాలా బాగుందని అర్థం. పదమూడు వరకు ఫరవాలేదు. ఇరవై దాటితే ఎక్కడం మొదలుపెట్టగానే ఉక్కపోత.

గ్రాముల లెక్కను మాత్రం రెండు కంపెనీల మధ్య పోల్చకండి. ఆ పరీక్ష చేసే పద్ధతులు అనేకం. అదే బట్ట ఒక పద్ధతిలో ఎనిమిదివేలు, ఇంకో పద్ధతిలో దానికి రెట్టింపు చూపించవచ్చు. ఏ పద్ధతో చెప్పకుండా పెద్ద అంకె మాత్రమే అచ్చువేస్తే నేను దాన్ని అలంకారంగానే చూస్తాను.

ఇంకో లెక్క కూడా మనసులో ఉంచుకోండి. బరువుతో నిటారైన దారి ఎక్కే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పట్టగలదు. ప్రయోగశాలలో ఎంత గొప్ప అంకె వచ్చినా, చల్లటి వానలో బట్ట పైభాగం తడిసి ఉన్నప్పుడు అంత చెమటను ఏ ప్యాంటూ బయటికి పంపలేదు. అందుకే నేను అంకె కంటే జిప్పు నమ్ముకుంటాను. దాని సంగతి కింద చెబుతాను.

మెంబ్రేన్ అంటే ఏమిటి? రెండు పొరలు, రెండున్నర పొరలు, మూడు పొరలు అంటే?

బట్ట వెనుక అతికించిన అతి పలచటి పొర మెంబ్రేన్. వీటిలో అన్నిటికన్నా పేరున్నది గోర్‌టెక్స్. 1969లో రాబర్ట్ గోర్ వేడిచేసిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ అని పేరుపడ్డ, ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్) కడ్డీలను సాగదీయడానికి ప్రయత్నిస్తూ ఉన్నాడు. మెల్లగా లాగినప్పుడల్లా అవి తెగిపోయేవి. విసుగుతో ఒక్కసారిగా లాగేసరికి తెగకుండా బారెడు సాగింది. అలా సాగిన పదార్థంలో సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. నీటి బొట్టు వాటిలో దూరలేదు, ఆవిరి అణువు దూరిపోతుంది. పాలీయురెథేన్ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేసిన మెంబ్రేన్లు కూడా చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి రంధ్రాలే ఉండవు. తేమను ఒక వైపు పీల్చుకుని రెండో వైపు వదులుతాయి.

రెండు పొరల్లో పైబట్ట, మెంబ్రేన్ కలిసి ఉంటాయి, లైనింగ్ విడిగా వేలాడుతుంది. వేట ప్యాంట్లు ఎక్కువగా ఇవే. మూడు పొరల్లో లైనింగ్ కూడా అతికించే ఉంటుంది, మన్నిక ఎక్కువ. రెండున్నర అంటే మూడో పొర బదులు లోపల ఒక పూతో, అచ్చువేసిన గీతలో ఉంటాయి. తేలిక, మడిస్తే గుప్పెడంత. కానీ చెమట పట్టిన తొడకు ప్లాస్టిక్ కాగితంలా అతుక్కుంటుంది. సంచి అడుగున పడుకుని ఎప్పుడో బయటికి వచ్చే ప్యాంటుకు రెండున్నర చాలు. రోజంతా వేసుకునేదానికి మూడు పొరలు.

వెచ్చగా, ఉక్కగా ఉండే వానలో ఏది మేలు?

మెంబ్రేన్ వద్దు. ఆవిరి బయటికి పోవాలంటే లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. బయటి గాలి కూడా వెచ్చగా, తడిగా ఉంటే ఆవిరిని తోసేదేదీ ఉండదు. అక్కడ పలచటి నైలాన్ ప్యాంటు వేసుకుని హాయిగా తడవండి. వాన ఆగిన అరగంటకు నడకలోనే ఆరిపోతుంది. బస దగ్గర మార్చుకోవడానికి ఒక పొడి ప్యాంటును నీరు దూరని సంచిలో భద్రంగా పెట్టుకోండి. దాన్ని ఏ కారణం చేతా దారిలో వేసుకోకండి.

కొన్న కొత్తలో నీళ్ళు ముత్యాల్లా జారిపోయేవి. ఇప్పుడు బట్ట నానిపోతోంది. మెంబ్రేన్ పాడైందా?

చాలాసార్లు కాదు. ముత్యాల్లా జార్చేది మెంబ్రేన్ కాదు, పైబట్ట మీద వేసిన నీటిని తోసే పూత. మట్టి, చెమట, నూనె, సబ్బు మడ్డి చేరితే ఆ పూత పనిచేయదు. పైబట్ట నీళ్ళు తాగి బరువెక్కుతుంది. లోపలికి నీరు రాకపోయినా ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. చెమట లోపలే చల్లబడి కాలికి తగులుతుంది. మీరేమో ప్యాంటు కారుతోందని అనుకుంటారు. ఇలా పారేసిన మంచి ప్యాంట్లు ఎన్నో.

ముందు ఉతకండి. ఉతికితే పాడవుతుందని రెండేళ్ళు ఉతకకుండా ఉంచేవాళ్ళు ఉన్నారు, నిజానికి ఉతకకపోతేనే పాడవుతుంది. జిప్పులన్నీ వేసి, ద్రవరూపంలో ఉన్న సబ్బు కొద్దిగా వాడి, రెండుసార్లు మంచినీళ్ళతో జాడించాలి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రావణం మాత్రం చుక్క కూడా వేయకూడదు, అది నీటిని పిలిచి కూర్చోబెడుతుంది. ఆరాక, చీటీ మీద వేడి పనికిరాదని గుర్తు లేకపోతే, డ్రయ్యరులో తక్కువ వేడిలో కాసేపు తిప్పండి. లేదా పలచటి గుడ్డ పరిచి గోరువెచ్చటి ఇస్త్రీ చేయండి. ఆ వేడికి పూత మళ్ళీ లేచి నిలబడుతుంది. అప్పటికీ నీళ్ళు జారకపోతే మళ్ళీ పూత వేసే ద్రావణం కొనుక్కోవాలి. పిచికారీ చేసేదయితే తొడలు, మోకాళ్ళు, కింది అంచుల మీద ఎక్కువ వేయవచ్చు.

ఈ పూతల్లోనే ఈ మధ్య పెద్ద మార్పు వచ్చింది. పాతవాటిలో ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి. అవి నేలలో, నీటిలో చేరి ఏళ్ళ తరబడి విచ్ఛిన్నం కావు. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. కాలిఫోర్నియా 2025 నుంచి, ఫ్రాన్స్ 2026 నుంచి దుస్తుల్లో ఈ కుటుంబపు రసాయనాల మీద ఆంక్షలు పెట్టాయి. గోర్‌టెక్స్ తయారీదారులు కూడా 2022లో ఫ్లోరిన్ లేని పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో చేసిన మెంబ్రేన్ తెచ్చారు. మంచి పనే. కానీ వాడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఫ్లోరిన్ లేని పూత నీటిని తోస్తుంది గానీ నూనెను తోయదు. చేతి జిడ్డు, వంట నూనె, తుపాకీ నూనె దానికి గిట్టవు. పాత ప్యాంటు కంటే దీన్ని తరచుగా ఉతకాలి.

నడకకు ఒక్కటే మందపాటి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కొనుక్కుంటే సరిపోదా?

సరిపోదు. ఇందులో నేను మొండివాడిని. ఒక్క మందపాటి ప్యాంటు కంటే రెండు పలచటివి ఎప్పుడూ మేలు. రోజంతా ఒంటి మీద ఉండేది కొంచెం సాగే నైలాన్ ప్యాంటు, నీటిని తోసే పూత ఉన్నది. తుంపరకు అదే చాలు. జడివాన మొదలైతేనే సంచిలోంచి తేలికపాటి వాటర్‌ప్రూఫ్ తీసి దాని మీద వేసుకోవాలి. అలాంటిది 200 నుంచి 300 గ్రాముల మధ్య దొరుకుతుంది. వాన ఆగగానే తీసేయాలి.

ఆలస్యం చేయకపోవడమే ఇందులో కీలకం. "ఇంకాస్త చూద్దాం, ఆగిపోతుందేమో" అనుకుంటూ లోపలి ప్యాంటు నానిన తరువాత పైది వేసుకుంటే తడిని మూటకట్టుకున్నట్టే. ముసురు పట్టి రెండు రోజులు ఆగదని తెలిసినప్పుడు మాత్రం తెల్లవారగానే పైది వేసుకుని, లోపల పలచటి ఊలు లేదా పాలిస్టర్ లోదుస్తులతో నడవడం నయం.

వేట ప్యాంటుకూ నడక ప్యాంటుకూ తేడా ఏమిటి?

మొదటిది చప్పుడు. దుకాణంలో ఎవరూ వినిపించుకోరు గానీ, గట్టి నైలాన్ ప్యాంటు రెండు తొడలూ రాసుకుంటే చేసే సుయ్ సుయ్ శబ్దం నిశ్శబ్దంగా ఉన్న అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. చలిలో అదే బట్ట బిగుసుకుని ఇంకా గట్టిగా మోగుతుంది. కొనేముందు గోటితో బట్ట మీద గీకి చూడండి. గీకిన శబ్దం మీకే వినిపిస్తే జింకకు వినిపించదా? పైన నూగులాంటి పాలిస్టర్, ఫ్లీస్, ఊలు చప్పుడు చేయవు. ఆల్ప్స్ పర్వతాల వేటగాళ్ళు తరతరాలుగా వాడే లోడెన్ ఊలు అందుకే ఇంకా బతికి ఉంది. అది బరువు, తడిస్తే మరీ బరువు, అయినా వెచ్చగా ఉంటుంది, నోరెత్తదు.

ఆ నూగుకో చిక్కు ఉంది. వానలో అది నీళ్ళు పట్టుకుని బరువెక్కుతుంది, గడ్డి గింజలనూ ముళ్ళనూ మోసుకొస్తుంది. చప్పుడు లేకపోవడమూ త్వరగా ఆరడమూ ఒకే బట్టలో పూర్తిగా దొరకవు. ఏది వదులుకోవాలో మీరు వేటాడే పద్ధతిని బట్టి తేలుతుంది. కదలకుండా మాటు వేసేవాళ్ళు నిశ్శబ్దం, వెచ్చదనం చూసుకోవాలి. పొదల్లో తిరిగి పక్షులను లేపేవాళ్ళకు చప్పుడుతో పనిలేదు. ముళ్ళను ఆపేలా తొడల ముందు భాగాన గట్టి నైలాన్ ఉంటే చాలు. కొండల్లో మైళ్ళ కొద్దీ నడిచి వేటాడేవాళ్ళది నడక ప్యాంటే. మాటు దగ్గరికి చేరాక వేసుకునే వెచ్చటి పొర వేరే సంచిలో ఉండాలి. దాన్ని బూట్లు విప్పకుండా ఎక్కించుకోగలగాలి.

ఆకుల రంగు మచ్చలున్న ప్యాంటే కొనాలా?

అంత అవసరం లేదు. మనిషి కంట్లో రంగును గుర్తించే కణాలు మూడు రకాలు, జింకకు రెండే. ఎరుపు, నారింజ దానికి మసక రంగుల్లో కలిసిపోతాయి. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది, అందుకని జీన్స్ ఇక్కడ కూడా ఓడిపోయింది. తెలుపు మెరిసేలా చేసే పదార్థం కలిపిన సబ్బులతో ఉతికినా ఇబ్బందే. మన కంటి కటకం ఆపేసే అతినీలలోహిత కాంతిలో కొంత జింక కంటిలోకి వెళ్తుంది, అలాంటి బట్ట దానికి వెలుగుతున్నట్టు ఉండవచ్చు. రంగు కంటే కదలిక పెద్ద ద్రోహి. తోటి వేటగాళ్ళకు మీరు కనిపించడం అన్నిటికన్నా ముఖ్యం. వేటకు అనుమతి ఉన్న చాలా చోట్ల మెరిసే నారింజ రంగు తప్పనిసరి. సాధారణంగా ఆ నియమం ఛాతీకీ తలకూ వర్తిస్తుంది. అక్కడి నియమం ఏమిటో చదువుకునే బయలుదేరండి.

మైనం పూసిన నూలు ప్యాంటు సంగతి?

నూలు వద్దన్నాక దీన్ని మెచ్చుకుంటే విడ్డూరంగా ఉంటుంది గానీ, నాకు ఇష్టమే. మైనం పోగుల మధ్య ఖాళీలను మూసేస్తుంది. ముళ్ళకు చిరగదు, నిప్పురవ్వకు వెంటనే కరిగిపోదు, చప్పుడూ తక్కువే. 65 శాతం పాలిస్టర్, 35 శాతం నూలు కలిపి నేసి మైనం పట్టించే బట్ట కూడా ఉంది. అది నూరు శాతం నూలు కంటే త్వరగా ఆరుతుంది. మైనం ఎక్కువ పట్టిస్తే నీరు ఆగుతుంది, ఉక్క పెరుగుతుంది. తక్కువ పట్టిస్తే తిరగబడుతుంది. మోకాళ్ళకూ పిరుదులకూ బాగా పట్టించి మోకాళ్ళ వెనుక భాగాన్ని వదిలేయడం మంచి పద్ధతి. రోజంతా కురిసే వానకు ఇది చాలదు.

కొలత సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

అద్దం ముందు నిలబడితే తెలియదు. లోపల వేసుకోబోయే లోదుస్తులతో, బూట్లతో సహా వేసుకుని గొంతుక్కూర్చోండి. నడుము వెనుక భాగం కిందికి జారి వీపు బయటపడితే వద్దు. మోకాలిని నడుము ఎత్తుదాకా లేపండి, తొడ దగ్గర బట్ట పట్టేయకూడదు. కాళ్ళ మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలిసే ప్యాంటు అక్కడే ముందు చిరుగుతుంది. అక్కడ విడిగా ఒక గుడ్డ ముక్క అతికి కుట్టినది ఎంచుకోండి. మోకాలి దగ్గర ముందే వంపుతో కుట్టినది ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది. పొడవు మామూలుగా వేసుకునేదాని కంటే రెండు వేళ్ళు ఎక్కువ ఉండాలి, మోకాలు వంగినప్పుడు అంచు పైకి లేస్తుంది కదా.

తడిసిన ప్యాంటు బరువుకు బెల్టు జారుతుంది, సంచి నడుము పట్టీ కింద ఒరుసుకుంటుంది. బరువైన ప్యాంటుకు భుజాల మీదుగా వేసుకునే పట్టీలే సుఖం. చూడటానికి తాతల కాలంనాటి వాళ్ళలా ఉన్నామని నవ్వేవాళ్ళు మూడో రోజుకు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు.

జిప్పులు, జేబులు?

పైన వేసుకునే వాటర్‌ప్రూఫ్‌కు పక్క జిప్పు కనీసం మోకాలి పైదాకా ఉండాలి. లేకపోతే వానలో ఒంటికాలి మీద నిలబడి బూట్లు విప్పాలి. నడుము నుంచి అంచు దాకా రెండు వైపులా తెరిచే జిప్పు ఉంటే మరీ మంచిది. ఎక్కేటప్పుడు తొడ దగ్గర ఒక జానెడు తెరిస్తే మెంబ్రేన్ గంటలో చేయలేని పని రెండు నిమిషాల్లో అవుతుంది. బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి.

రబ్బరు పూత ఉన్న జిప్పును వాటర్‌ప్రూఫ్ అనుకోకండి. అది వానను కాసేపు ఆపుతుందంతే. ఫోను జేబులో పెట్టాల్సి వస్తే ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టండి.

ప్యాంటు తడవలేదు, బూట్లలో మాత్రం నీళ్ళు నిండాయి. ఎందుకు?

ప్యాంటు అంచు బూటు లోపలికి దోపి ఉంటారు. మొత్తం కాలి మీద పడిన వాన తిన్నగా బూటులోకే దారి కట్టింది. వానలో గేటర్లు (బూటు పైభాగం నుంచి పిక్క దాకా కప్పే తొడుగులు) ముందు కట్టి, వాటర్‌ప్రూఫ్ ప్యాంటును వాటి పైనుంచి వదలాలి, ఇంటి పైకప్పు పెంకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. ముళ్ళపొదలు, మంచు, లోతైన బురద ఉన్నచోట మాత్రం ఈ వరస తిరగబడుతుంది. అప్పుడు గేటర్లు పైన ఉండి ప్యాంటు అంచును కాపాడాలి. వాన ఆగాక కూడా నడుము ఎత్తు గడ్డిలో నడిస్తే, వానలో కంటే ఎక్కువ తడుస్తామని అనుభవం మీద తెలుస్తుంది.

జలగలు, పిడుదులు?

జలగలున్నచోట అల్లిక దగ్గరగా ఉన్న బట్ట, దాన్ని మేజోళ్ళలోకి దోపడం. పిడుదులున్నచోట లేత రంగు ప్యాంటు, పాకేది కనిపిస్తుంది. సాయంత్రం మోకాళ్ళ వెనుక, తొడల మొదట్లో వెతుక్కోవడం మానకండి.

తడిసిన ప్యాంటును మంట దగ్గర ఆరబెట్టవచ్చా?

నైలాన్‌కూ మెంబ్రేన్‌కూ మంట పనికిరాదు. ఒక్క నిప్పురవ్వ పడితే సూదిమొన అంత రంధ్రం పడుతుంది, అక్కడి నుంచి నీళ్ళు వస్తాయి. బాగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి తొక్కితే సగం నీరు పోతుంది. మిగతాది పలచటి ప్యాంటయితే ఒంటి మీదే, కాస్త నడుస్తూ ఆరబెట్టుకోవడం నయం. చలి వేసే స్థితిలో, అలసిపోయి ఉన్నప్పుడు ఆ ప్రయోగం వద్దు. పొడిది వేసుకుని పడుకోండి, పొద్దున మళ్ళీ తడిది తొడుక్కోండి. ఆ మొదటి రెండు నిమిషాలు నరకమే, తరువాత ఒంటి వేడికి సర్దుకుంటుంది.

చిరిగితే?

అరచేయి అంత అంటించే నైలాన్ టేపు సంచిలో ఉంచుకోండి. చోటు తుడిచి, పొడిగా చేసి, మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించండి. మూల కోసుగా ఉంటే అక్కడే లేచిపోతుంది. సూదితో కుడితే ప్రతి కుట్టూ ఒక కొత్త రంధ్రం. కుట్టక తప్పకపోతే లోపలి వైపు కుట్లకు వేసే జిగురు రాయాలి.

వాడకుండా దాచి ఉంచినా లోపలి పూత పొలుసుల్లా ఊడిపోయింది. ఎలా?

పాలీయురెథేన్ పూతకు తేమ, వేడి కలిస్తే గిట్టదు. మెల్లగా విడిపోయి ముందు జిగటగా, తరువాత పొలుసులుగా మారుతుంది. తడిగా మడిచి, చిన్న సంచిలో కుక్కి, వేడిగా ఉండే గదిలో పెడితే వాడకుండానే చచ్చిపోతుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు. పూర్తిగా ఆరనిచ్చి, గాలి తగిలేచోట వదులుగా వేలాడదీయండి. అటకెక్కించిన పాత వాటర్‌ప్రూఫ్‌ను తీసుకుని దూర ప్రయాణానికి వెళ్ళేముందు స్నానాల గదిలో వేసుకుని ఐదు నిమిషాలు నీళ్ళ కింద నిలబడండి. ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇప్పుడు ఒక్క ప్యాంటుకే డబ్బుంది. ఏది కొనమంటారు?

సాగే నైలాన్‌ది, పలచటిది, మోకాళ్ళ దగ్గర రెండు పొరలున్నది, ముదురు ఆకుపచ్చో గోధుమ రంగో. వాటర్‌ప్రూఫ్‌కు డబ్బు చేరేదాకా వాన రోజుల్లో మోకాళ్ళ దాకా వచ్చే పొడవాటి వానకోటుతో, లేదా నడుముకు లుంగీలా చుట్టుకునే వాటర్‌ప్రూఫ్ గుడ్డతో నెట్టుకురావచ్చు. రెండోది 100 గ్రాములు కూడా ఉండదు, కింద గాలి ఆడుతుంది. చాలా దూరాలు నడిచేవాళ్ళలో కొందరు ప్యాంటు మానేసి దానికే అలవాటు పడ్డారు. పొదల్లోకి, వేటకు మాత్రం పనికిరాదు, మొదటి ముళ్ళకంపకే తగులుకుంటుంది.